ర్యామ్ పెట్టె మీది వేగానికి పూచీ ఎవరిది?

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే విజయవాడ గవర్నర్‌పేటలో మా సర్వీసింగ్ షాపు బల్ల ఖాళీగా ఉండదు. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్లు, ఆల్బమ్ డిజైనర్లు, డీటీపీ ఆపరేటర్లు, ఏదో ఒక నోటిఫికేషన్ పడితే అర్ధరాత్రి దాకా దరఖాస్తులు నింపే నెట్ సెంటర్ల వాళ్లు సీపీయూ బాక్సు బండి మీద పెట్టుకుని వస్తారు. అందరూ చెప్పేది దాదాపు ఒకటే. "మధ్యమధ్యలో హ్యాంగ్ అవుతోంది మేడమ్. వైరస్సేమో. ఫార్మాట్ కొట్టించినా పోలేదు." అప్పటికే ఒకచోట ఎస్‌ఎంపీఎస్ మార్పించుకుని ఉంటారు. ఇంకోచోట డిస్క్ పోయిందంటే కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించుకుని ఉంటారు. ఇంత ఖర్చయ్యాక బయోస్ తెరిచి చూస్తే, చాలా మెషీన్లలో అసలు కారణం ఒకే వరుసలో కనిపిస్తుంది. అది మెమరీ వేగం.

మెమరీ పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చేసే ఆ అంకె హామీ కాదు. ఆ వేగంతో మీ మెషీన్ నిలకడగా నడుస్తుందని పరీక్షించి చెప్పగలిగింది దాన్ని బిగించి అమ్మినవాళ్లు మాత్రమే. కాబట్టి పూచీ కూడా వాళ్లే పడాలి. నేనూ ఆ వ్యాపారంలోనే ఉన్నాను, అందుకే ఈ మాట ముందు మా వాళ్లకే చెబుతున్నాను.

తెనాలి నుంచి మిక్సింగ్ యూనిట్ నడిపే ఒక కుర్రాడు తెచ్చిన మెషీన్ సంగతి చూడండి. ఎడియస్‌లో పెళ్లి వీడియో రెండర్ పెడితే ఒక్కోసారి సగంలో, ఒక్కోసారి ఇంకాస్తలో అయిపోతుందనగా ఆగిపోతోంది. ఆగిన ప్రతిసారీ బ్లూ స్క్రీన్ మీద వేరే పేరు. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్ అని, మర్నాడు పేజ్ ఫాల్ట్ అని, ఆ తర్వాత ఏదో డ్రైవర్ పేరు. జబ్బు ఒకటే అయితే పేరు కూడా ఒకటే రావాలి కదా అని అతని సందేహం. మెమరీ తప్పు చదువుతున్నప్పుడు సరిగ్గా ఇలాగే ఉంటుంది. చెడిన అంకె ఆ క్షణాన ఏ ప్రోగ్రామ్ చేతిలో పడితే దాని పేరు తెర మీదికొస్తుంది. రోజుకో పేరు మారడమే మెమరీని అనుమానించడానికి మొదటి ఆధారం.

అతను పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫొటోలు తెరిచాం. తలంబ్రాల ఫొటో ఒకటి పైసగం చక్కగా ఉంది. పెళ్లికూతురి కనుబొమల దగ్గర్నుంచి కిందికి మొత్తం బూడిదరంగు పట్టీ. ఇంకో ఫొటోలో మధ్య నుంచి రంగులన్నీ ఆకుపచ్చకు తిరిగి, బొమ్మ పక్కకు జరిగిపోయి ఉంది. కెమెరా కార్డులో మిగిలిన కొన్ని ఫొటోలతో పోల్చి చూస్తే అక్కడ అవి బాగానే ఉన్నాయి. కార్డు నుంచి డిస్కుకు కాపీ అయ్యే దారిలో, మెమరీలో నిలిచిన ఆ కాస్త సేపట్లోనే చెడిపోయాయన్నమాట. కార్డుల్లో చాలావాటిని అతను అప్పటికే ఫార్మాట్ చేసి తర్వాతి పెళ్లికి వాడేశాడు. ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని గొంతు తడారిపోయింది. పెళ్లి మళ్లీ తీయలేం కదా.

సైడ్ ప్యానెల్ విప్పితే నాలుగు స్లాట్లలోనూ ఎనిమిదేసి జీబీ డీడీఆర్4 స్టిక్కులు. మొదటి జత మెషీన్‌తో వచ్చింది. రెండో జత తర్వాత ఇంకో షాపులో, ఇంకో కంపెనీది కొన్నాడు. రెండింటి మీదా 3600 అనే ఉంది. టైమింగులు మాత్రం ఒక జత మీద 18-22-22-42, రెండో జత మీద 16-19-19-39. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, అంటే పెట్టె మీది వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేసి ఉంది. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే కాసేపటికే తెర నిండా ఎర్ర వరుసలు. ఎక్స్‌ఎంపీ ఆపి, 2666 మీద పెట్టి, రాత్రంతా వదిలేశాను. పొద్దున షట్టర్ తీసేసరికి ఒక్క తప్పు కూడా లేదు. అదే ప్రాజెక్టు రెండర్ పెడితే ఆఖరి ఫ్రేము దాకా వెళ్లింది. ఏ పార్టూ మార్చలేదు.

అతను సంతోషించాడు గానీ, వెళ్లేముందు ఒక మాట అడిగాడు. "మరి నేను 3600కి కదా మేడమ్ డబ్బులిచ్చింది?"

ఆ ప్రశ్న న్యాయమైనది. జవాబు చెప్పాలంటే మెమరీ లోపల జరిగేది కొంచెం తెలియాలి.

1968లో ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ పేటెంటు పొందిన అమరికే ఇవాళ్టికీ మన ర్యామ్‌కు ఆధారం. ఒక్కో బిట్టుకు ఒక బుల్లి కెపాసిటర్, దానికి తలుపులా ఒక ట్రాన్సిస్టర్. కెపాసిటర్‌లో ఛార్జి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఆ ఛార్జి నిలవదు, కారిపోతూనే ఉంటుంది. అందుకని డీడీఆర్4లో ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి తాజా చేస్తూ ఉండాలి. ఏదైనా చదవాలంటే ముందు ఆ వరుస తెరవాలి, అందులో కావలసిన గడి ఎంచుకోవాలి, పనయ్యాక ఆ వరుస మూసి ఇంకోటి తెరవాలి. స్టిక్కర్ మీది 16-19-19-39 లాంటి అంకెలు ఈ ఒక్కో పనికీ మెమరీ గడియారం ఎన్ని టిక్కులు ఆగాలో చెబుతాయి. వరుస తెరిచినప్పుడు అందులోని సన్నని ఛార్జి కచ్చితంగా ఒకటో సున్నానో తేలడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా చదవడమంటే అన్నం పలుకు మీద ఉండగానే గంజి వార్చేయడమే. కొన్ని మెతుకులు ఉడికి ఉంటాయి, కొన్ని ఉండవు, గిన్నెలోకి చూస్తే ఏవి ఉడకలేదో తెలియదు.

ఇక్కడే కొనేవాళ్లకు లెక్క ఒకటి చెప్పాలి. 3200 అని రాసిన స్టిక్ గడియారం నిజానికి 1600 మెగాహెర్ట్జ్‌తో కొట్టుకుంటుంది, ఒక్కో టిక్కుకు రెండుసార్లు డేటా పంపుతుంది. అంటే టిక్కు 0.625 నానోసెకన్లు. సీఎల్, అంటే టైమింగుల్లో మొదటి అంకె, 16 అయితే మొదటి జవాబుకు 16 టిక్కులు, అంటే 10 నానోసెకన్లు. 3600 సీఎల్ 18 లెక్క వేయండి, అదీ 10 నానోసెకన్లే. డీడీఆర్5 6000 సీఎల్ 30 కూడా అంతే. డీడీఆర్5 4800 సీఎల్ 40 అయితే పదహారు నానోసెకన్లు దాటుతుంది. పెద్ద అంకె ఉన్న స్టిక్ ఎక్కువ డేటా మోస్తుంది, నిజమే. తొందరగా పలుకుతుందని మాత్రం కాదు. వేగం ఒక్కటే చూసి, టైమింగులు చూడకుండా కొంటే సగం సమాచారంతో కొన్నట్టే.

ఈ వేగాలకూ టైమింగులకూ ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ జెడెక్. అది డీడీఆర్4 ప్రమాణాన్ని 2012లో, డీడీఆర్5 ప్రమాణాన్ని 2020లో ప్రకటించింది. డీడీఆర్4కి 1.2 ఓల్టులు, వేగం గరిష్ఠంగా 3200. ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్పులో ఒక పట్టిక ఉంటుంది. మెషీన్ ఆన్ చేయగానే బోర్డు దాన్ని చదువుకుని ప్రామాణిక వేగంతో మొదలవుతుంది. 3600 ఆ ప్రామాణిక పట్టికలో ఉండదు. ఇంటెల్ 2007లో తెచ్చిన ఎక్స్‌ఎంపీ అనే అదనపు పట్టికలో ఉంటుంది. డీడీఆర్5 కోసం ఏఎండీ 2022లో తెచ్చిన ఎక్స్‌పో కూడా అలాంటిదే. బయోస్‌లో ఆ పట్టికను ఆన్ చేస్తే వేగం, టైమింగులు, ఓల్టేజీ అన్నీ ఒక్కసారే మారిపోతాయి. డీడీఆర్4 అయితే సాధారణంగా 1.2 ఓల్టులు కాస్తా 1.35 అవుతుంది. పేరు ఏదైనా ఇది ఓవర్‌క్లాకింగే.

ఇప్పుడు ఆ 3600కు మాట ఇచ్చింది ఎవరో చూడండి. స్టిక్ తయారుచేసిన కంపెనీ తన స్టిక్‌ను తన దగ్గరున్న బోర్డుల మీద పరీక్షించుకుంది. కానీ స్టిక్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉంటుంది, అది ఇంకో కంపెనీది. రెండింటినీ కలిపే రాగి గీతలు మదర్‌బోర్డువి, అది మూడో కంపెనీది. డీడీఆర్5తో నడిచే ఏఎండీ రైజెన్ 7000 వరస ప్రాసెసర్లకు ఆ కంపెనీయే ప్రకటించిన మెమరీ వేగం రెండు స్టిక్కులైతే 5200, నాలుగైతే 3600. స్లాట్లు నిండేకొద్దీ కంట్రోలర్ మీద భారం పెరుగుతుంది కాబట్టి అంత తేడా. అదే మెషీన్‌కు మార్కెట్లో అమ్మే స్టిక్కుల పెట్టె మీద 6000, 6400 అని ఉంటుంది. ప్రకటించిన పరిధి దాటి మెమరీ వేగం, టైమింగులు, ఓల్టేజీ మారిస్తే వారంటీ వర్తించదని, ఆ మార్పు తమ సాఫ్ట్‌వేర్‌తో చేసినా అంతేనని అదే ఏఎండీ చిన్న అక్షరాల్లో రాస్తుంది. ఎక్స్‌పో పేరుతో సదుపాయం ఇచ్చిన కంపెనీయే దాని పర్యవసానం నుంచి తప్పుకుంటోంది. ఇది నాకు ఏమాత్రం నచ్చదు.

ముగ్గురూ తలో ముక్కకు మాత్రమే బాధ్యులు. ఆ ముక్కలు ఒకచోట చేరేది అసెంబుల్ చేసిన షాపులోనే. అక్కడ పరీక్ష జరగకపోతే ఇంకెక్కడా జరగదు, చివరికి కస్టమర్ ఇంట్లో, అతని పని మీద, అతని డేటా మీద జరుగుతుంది. మా షాపుల్లో ఎక్కువచోట్ల జరిగేదేమిటంటే, ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తారు, విండోస్ లోడ్ అవుతుంది, యూట్యూబ్‌లో ఒక పాట ప్లే చేసి చూపిస్తారు, ప్యాక్ చేసి ఇచ్చేస్తారు. విండోస్ తెరుచుకున్నంత మాత్రాన మెమరీ బాగున్నట్టు కాదు. కోటి చదువుల్లో ఒక్కటి తప్పినా పాట ఆగదు. రెండర్ మాత్రం ఆగుతుంది.

ఆగడం కూడా అదృష్టమే. బ్లూ స్క్రీన్ వస్తే ఏదో తేడా ఉందని తెలుస్తుంది. ఏమీ రాకుండా, ఒక బిట్టు తిరగబడిన ఫైలు నిశ్శబ్దంగా డిస్కులోకి, డిస్కు నుంచి బ్యాకప్‌లోకి వెళ్లిపోవడం అసలు ప్రమాదం. బ్యాకప్ ఉందిలే అన్న ధైర్యం అక్కడ పనికిరాదు, చెడిన ఫైలే బ్యాకప్ అయింది కాబట్టి. ట్యాలీలో ఖాతాలు రాసుకునే వ్యాపారి గురించి, స్కాన్లు దాచుకునే డయాగ్నస్టిక్ సెంటర్ గురించి ఆలోచించినప్పుడు నాకు ఈ విషయంలో ఓపిక నశిస్తుంది.

ఇది ఊహ కాదు. గూగుల్ తన సర్వర్ల మెమరీని రెండున్నరేళ్లపాటు గమనించిన లెక్కలతో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, ఇద్దరు గూగుల్ పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం వెలువరించారు. ఏడాదిలో ఎనిమిది శాతానికి పైగా స్టిక్కుల్లో కనీసం ఒక తప్పు నమోదైంది. అవి ప్రామాణిక పద్ధతిలో నడిచే సర్వర్లు, తప్పును పట్టి దిద్దే ఈసీసీ మెమరీ ఉన్నవి. మన బల్ల మీది మెషీన్లలో ఆ దిద్దుబాటు లేదు, పైగా వేగం పెంచి నడుపుతున్నాం. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ మెషీన్‌కే 2022 అక్టోబరులో ఇదే జరిగింది. కంపైల్ చేస్తుంటే అర్థంకాని తప్పులు వచ్చాయి. కొత్తగా చేర్చిన కోడ్‌లో లోపమేమోనని మొదట అనుకున్నాడు. చివరికి చూస్తే ఒక మెమరీ స్టిక్ పాడైంది. ఆ మెషీన్ కట్టుకున్న రోజుల్లో ఈసీసీ దొరక్క మామూలు మెమరీ వేసుకున్నాడు. మామూలు జనానికి ఈసీసీ అందకుండా చేశారని 2021 జనవరిలోనే ఇంటెల్‌ను గట్టిగా తిట్టిన మనిషి ఆయన. అంతటివాడికే కోడ్ తప్పో మెమరీ తప్పో వెంటనే తేలనప్పుడు తెనాలి కుర్రాడు వైరస్ అనుకోవడంలో వింతేముంది?

డీడీఆర్5లో ఈసీసీ వచ్చేసింది కదా, ఇక భయమెందుకని కొందరు అమ్మకందారులు చెబుతుంటారు. చిప్పు లోపల ఒక బిట్టు తప్పితే దిద్దుకునే ఏర్పాటు డీడీఆర్5లో ఉన్న మాట నిజం. చిప్పు నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారిలో జరిగే తప్పును అది చూడదు. వేగం పెంచినప్పుడు తప్పులు ఎక్కువగా పుట్టేది ఆ దారిలోనే. కాబట్టి ఆ మాట నమ్మి కొనకండి.

మన ఊళ్లకు ఇంకో కష్టం ఉంది, ఎండ. వేడి పెరిగేకొద్దీ కెపాసిటర్ నుంచి ఛార్జి త్వరగా కారిపోతుంది. అందుకే చిప్పు 85 డిగ్రీలు దాటితే రెట్టింపు సార్లు తాజా చేయాలని డీడీఆర్4 ప్రమాణమే చెబుతోంది. కృష్ణా, గుంటూరు, పల్నాడు జిల్లాల్లో మే నెలలో కొన్ని రోజులు బయటే 45 డిగ్రీల దాకా ఉంటుంది. మిక్సింగ్ గదులు చూస్తే శబ్దం బయటికి పోకుండా కిటికీలు మూసేసి ఉంటాయి, బల్ల కింద మెషీన్, పక్కన గోడ, గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలి సరిగ్గా మెమరీ మీదికి. సంక్రాంతికి కొన్నప్పుడు నిక్షేపంగా నడిచిన మెషీన్ రోహిణి కార్తెలో మొండికేయడానికి కారణం ఇది. చల్లటి దేశంలో ఎవరో ఏసీ గదిలో పెట్టి నడిపించి చూపిన సెట్టింగు మన గదిలో నిలబడాలని లేదు.

దీనికి తోడు ఆటల కోసం మెషీన్ కట్టుకునే ఇంజినీరింగ్ పిల్లలు వీడియోలు చూసి టైమింగులు చేత్తో మార్చేస్తున్నారు. ఒక పిల్లవాడి మెషీన్‌లో టీఆర్‌ఈఎఫ్‌ఐ అనే అంకె 65535 ఉంది. వరుసలను ఎంతసేపటికోసారి తాజా చేయాలో చెప్పే అంకె అది. 3600 వేగంలో ప్రమాణం ప్రకారం 14040 ఉండాలి. 65535 పెడితే 64 మిల్లీసెకన్లలో పూర్తి కావలసిన పని దాదాపు 300 మిల్లీసెకన్లు పడుతుంది. చలికాలంలో అంతసేపు ఛార్జి ఆగొచ్చు. ఎండాకాలం ఆగలేదు. సెమిస్టర్ ప్రాజెక్టు ఉన్న ఫోల్డరు తెరుచుకోని పరిస్థితిలో ఆ మెషీన్ నా దగ్గరికొచ్చింది. ఆ అంకె మార్చమన్న వీడియోలో మెమరీ పరీక్ష చేయమన్న మాట ఎక్కడా లేదు.

మెకానిక్కుల పద్ధతి గురించి కూడా ఒక మాట. ర్యామ్ తీసి, బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టడం మన దగ్గర తాతలనాటి వైద్యం. తేమకు పళ్లు మసకబారిన చోట అది పనిచేస్తుంది. కానీ వేగం వల్ల వచ్చిన జబ్బు కూడా అలా రుద్దితే ఒక్కోసారి నాలుగు రోజులు తగ్గినట్టు కనిపిస్తుంది. స్టిక్ తీసి పెట్టినప్పుడు చాలా బోర్డులు సిగ్నల్ సర్దుబాట్లు మళ్లీ మొదటినుంచి చేసుకుంటాయి, ఆసారి కాస్త మెరుగ్గా కుదురుతుంది. కస్టమర్ డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. తర్వాతి వారం మళ్లీ హ్యాంగ్.

నా దగ్గర పనిచేసే పిల్లలకు నేను నేర్పే వరస ఇదీ. స్క్రూడ్రైవర్ పట్టుకోకముందు బయోస్‌లోకి వెళ్లి, ఉన్న సెట్టింగులు ఫోన్‌లో ఫొటో తీసి, అన్నీ డిఫాల్ట్‌కు తేవాలి. కస్టమర్ చేసే పనినే ఆ మెషీన్ మీద చేయించాలి. రెండర్ అయితే రెండర్, పెద్ద జిప్ ఫైలు విప్పడమైతే అదే. జిప్ విప్పుతున్నప్పుడు సీఆర్‌సీ తప్పులు ఒకసారి వచ్చి ఇంకోసారి రాకపోతే ఫైలు కాదు, మెమరీ అనుమానించాలి. డిఫాల్ట్‌లో హాయిగా నడిస్తే ఏ పార్టూ పాడవలేదు, సెట్టింగే కారణం. డిఫాల్ట్‌లో కూడా మెమ్‌టెస్ట్ ఎర్ర వరుసలు చూపిస్తే అప్పుడు ఒక్కో స్టిక్‌ను విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించాలి. తప్పు స్టిక్‌తో పాటు వెళ్తే స్టిక్ పోయింది, అన్ని స్టిక్కులకూ ఒకే స్లాట్‌లో వస్తే బోర్డు గానీ ప్రాసెసర్ కింది పిన్ను గానీ. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే స్టిక్కులుంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. ఇది బోర్డు పుస్తకంలోనే రాసి ఉంటుంది. అయినా మొదటి రెండింట్లో పెట్టి పంపిన మెషీన్లు చాలా వస్తాయి.

ఆ తర్వాత బయోస్ అప్‌డేట్. 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు మెమరీ పెట్టె మీది వేగం అందక ఎంతోమంది ఇబ్బంది పడ్డారు. ఆ మే నెలలో ఏఎండీ బోర్డుల కంపెనీలకు ఇచ్చిన అప్‌డేట్‌తో చాలావరకు సర్దుకుంది. పార్టు మార్చకుండా తీరే సమస్యలు ఇలా కొన్ని ఉంటాయి. అప్‌డేట్ చేశాక కూడా ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌లో తప్పులు వస్తుంటే టైమింగులు అలాగే ఉంచి వేగం ఒక మెట్టు దించాలి, 3600 నుంచి 3200కు. ఓల్టేజీ పెంచుకుంటూ పోయే దారి నేను పిల్లలకు మూసేశాను. 2023లో ఎక్స్‌పో ఆన్ చేసిన కొన్ని రైజెన్ 7000 మెషీన్లలో ప్రాసెసర్లు కాలిపోయిన సంగతి బయటపడింది. ప్రొఫైల్‌తో పాటు కొన్ని బోర్డులు ప్రాసెసర్‌కు ఇచ్చే ఎస్‌ఓసీ ఓల్టేజీని మితిమీరి పెంచడమే కారణం. తర్వాత ఏఎండీ దానికి 1.3 ఓల్టుల హద్దు పెట్టింది. ఒక్క స్విచ్ వెనక ఎన్ని మారతాయో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు.

మెమ్‌టెస్ట్ రాత్రంతా తప్పు లేకుండా నడిచినా పని అయిపోలేదు. అది విండోస్ లేకుండా, గ్రాఫిక్స్ కార్డు చల్లగా ఉన్నప్పుడు నడుస్తుంది. అందుకని విండోస్‌లో ప్రైమ్95 బ్లెండ్ పరీక్ష కొన్ని గంటలు పెడతాం. గణితంలో అతిపెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి రాసిన ప్రోగ్రామ్ అది, లెక్కలో ఒక్క బిట్టు తప్పినా పట్టేస్తుంది. చివరికి, మెమరీ తప్పులతో నడిచినన్నాళ్లూ డిస్కులోకి ఏమేం చెడి చేరాయో చూడాలి. సిస్టమ్ ఫైళ్లు సరిచూడటానికి ఎస్‌ఎఫ్‌సీ స్కాన్, డిస్కుకు చెక్‌డిస్క్. అవసరమైతే విండోస్ కొత్తగా వేయాలి. మెమరీ సరిచేయకముందు కొట్టిన ఫార్మాట్ వల్ల లాభం లేదు, కొత్త విండోస్ కూడా అదే చెడు మెమరీ గుండానే డిస్కులోకి చేరుతుంది.

వేగం వద్దని నేను అనను. ఆటలు ఆడేవాళ్లకు, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే నడిచే మెషీన్లకు వేగమైన మెమరీ తేడా కళ్లకు కనిపిస్తుంది. 3200 స్టిక్ కొని, బయోస్ ముట్టుకోక ఏళ్ల తరబడి 2133 మీద నడుపుకుంటున్న వాళ్లు కూడా నష్టపోతున్నారు. వాళ్లకు నేనే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, పరీక్షించి ఇస్తాను. కానీ వీడియో మిక్సింగ్‌లో, డీటీపీలో 3200కూ 3600కూ తేడా స్టాప్‌వాచ్ పట్టుకుంటే తప్ప తెలియదు. ఒక రెండర్ మధ్యలో ఆగిపోతే పోయే గంటల ముందు అది ఏ మూలకు? పని మీద బతికే మెషీన్‌ను ప్రామాణిక వేగంలోనే ఉంచాలని నా తీర్పు.

ఈ మాట ఇప్పుడు చెప్పడానికి ఇంకో కారణం ధరలు. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. మామూలు వినియోగదారులకు క్రూషియల్ పేరుతో మెమరీ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ఆ డిసెంబరులో ప్రకటించింది. కొత్త కిట్ కొనలేక జనం పాత స్టిక్ పక్కన సెకండ్ హ్యాండ్ స్టిక్ వేసుకుంటున్నారు. అవసరం అలాంటిది, తప్పు పట్టలేం. కాకపోతే జతగా పరీక్షించని స్టిక్కులను పెట్టె మీది వేగంతో నడపకూడదు. రెండింటిలో నెమ్మదైనదానికి సరిపోయే ప్రామాణిక వేగం పెట్టి, రాత్రంతా పరీక్షించాలి.

అమెరికాలో ఈ అంకె మీద కొందరు కొనుగోలుదారులు కోర్టుకెక్కారు. పెట్టె మీది వేగం ఓవర్‌క్లాక్ చేస్తేనే వస్తుందని తమకు చెప్పలేదన్నది వాళ్ల ఫిర్యాదు. మెమరీ కంపెనీలైన కోర్సేర్ 55 లక్షల డాలర్లకు, జీ.స్కిల్ 24 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నాయి. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. ఇకపై పెట్టెల మీద వేగం ముందు "గరిష్ఠంగా" అన్న అర్థం వచ్చేలా రాయాలని, దానికి బయోస్ మార్పులు అవసరమని తెలపాలని జీ.స్కిల్ ఒప్పందంలో ఉంది. అదే మాట మన దేశంలో అమ్మే పెట్టెల మీదా ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించి 2019 వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగానే మాట్లాడుతుంది. మోసపోయామనుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు.

చట్టం దాకా వెళ్లకుండా మా షాపులు చేయగలిగింది చాలా ఉంది. బిల్లు మీద 16 జీబీ ర్యామ్ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా, ఏ స్టిక్ ఎన్ని, ఏ వేగంతో పెట్టి పరీక్షించామో రాయాలి. రాత్రి షట్టర్ వేసేముందు మెమ్‌టెస్ట్ పెట్టి వెళ్తే పైసా ఖర్చు లేదు, అది ఉచితం. కరెంటు ఖర్చు భరించలేమనే షాపు విజయవాడలో లేదు. డయాగ్నస్టిక్ సెంటర్లు, ఆడిటర్ ఆఫీసులు లాంటివాళ్లు మెషీన్ అడిగితే ఈసీసీ ఉన్న బోర్డు, స్టిక్కుల ధర కూడా కొటేషన్‌లో చూపించాలి. బోర్డు సహకరిస్తే డెస్క్‌టాప్ రైజెన్ ప్రాసెసర్లలో చాలావాటికి అది కుదురుతుంది. కొంటారో లేదో వాళ్లిష్టం, అలాంటిది ఉందని చెప్పడం మన పని.

కొత్త మెషీన్ కొంటున్న పాఠకులు మిగతా డబ్బు చేతిలో పెట్టకముందు ఒక్క పని చేయండి. పెట్టిన వేగంలోనే రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి, పొద్దున ఆ తెర ఫొటో వాట్సాప్‌లో పంపమని షాపువాళ్లను అడగండి. అందులో మెమరీ వేగం, నడిచిన సమయం, తప్పుల సంఖ్య కనిపిస్తాయి. తప్పుల దగ్గర సున్నా ఉండాలి. ఒకటి ఉన్నా మెషీన్ తీసుకోకండి. ఫొటో పంపడం కుదరదన్న షాపులో అసలు కొనకండి.